అంబాసిడర్ దీపాలు, మన రోడ్ల రాత్రులు

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన కార్లకు, మోటారు సైకిళ్లకు 'వింటేజ్' హోదా ఇచ్చింది. అలాంటి బండికి నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదు చేయించడానికి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో తీసుకుపోవచ్చు, పెట్రోలు పోయించుకోవచ్చు, మరమ్మతుకు తోలుకుపోవచ్చు. యాభై ఏళ్లు నిండాయి కాబట్టి మన సంఘమూ ఆ లెక్కలోకే వస్తుందని మొన్నటి సమావేశంలో ఒకరంటే అందరం నవ్వుకున్నాం. మనల్ని మాత్రం ఇంకా రోజువారీ పనులకు వాడుకుంటున్నారు.

ఈ సంచికకు ఏదైనా చరిత్ర రాయమని అడిగారు. మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి గురించీ, పులికాటు సరస్సు గురించీ నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో ఉన్నారు. నేను కారు హెడ్‌లైట్ల గురించి రాస్తున్నాను. చిట్టమూరు నుంచి నాయుడుపేట వైపు పోయినా, కోట వైపు పోయినా, చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద మన ప్రాణాలు కొన్నేళ్లపాటు ఆ రెండు గుండ్రటి అద్దాల మీదే ఆధారపడ్డాయి. ఊళ్లో పురుటి నొప్పులొచ్చినా, పాము కరిచినా, అర్ధరాత్రి ఎవరో పోయి అంబాసిడర్ ఉన్న ఇంటి తలుపు కొట్టేవాళ్లు. మా పెదనాన్న ఇల్లు అలాంటిదే. ఆ కారు పుణ్యాన పుట్టిన పిల్లలు కొందరు మన బళ్లోనే చదివారు.

కారు దీపానికి మొదటినుంచీ రెండు పనులు. తోలేవాడికి దారి చూపాలి. ఎదుటివాడి కళ్లు పోగొట్టకూడదు. ఒకటి పెంచితే రెండోది చెడుతుంది. హెడ్‌లైటు చరిత్రంతా ఈ పేచీయే.

తొలినాటి కార్లకు ఈ పేచీ లేదు, ఎందుకంటే వెలుగే లేదు. కిరసనాయిలు దీపాలు, తర్వాత కార్బైడు దీపాలు. కార్బైడు గడ్డల మీద నీళ్లు చుక్కలుగా పడితే గ్యాసు పుడుతుంది, దాన్ని వెలిగిస్తారు. మామిడికాయలు మాగబెట్టడానికి దొంగతనంగా వాడే కార్బైడు అదే. 1912లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ కరెంటు దీపాలతో, కరెంటు స్టార్టరుతో కారు తెచ్చింది. అక్కణ్ణుంచి వెలుగు పెరిగింది, దాంతో తగాదా పెరిగింది. 1920లలో జర్మనీలో ఒకే బల్బులో రెండు తీగలు పెట్టారు. ఒకటి దూరానికి, ఒకటి దగ్గరకు. మనం ఇవాళ్టికీ 'డిమ్ము, డిప్పు' అనేది ఈ రెండు తీగల మధ్య మార్పునే.

ఇంగ్లీషువాళ్లు 1930లలో ఇంకో పద్ధతి పట్టారు. బండి ఎదురైతే మీట నొక్కాలి. కుడివైపు దీపం పూర్తిగా ఆరిపోతుంది. ఎడమ దీపంలోని రిఫ్లెక్టరు మాత్రం కరెంటు అయస్కాంతంతో వంగి వెలుగును కిందికి, ఎడమ గట్టు మీదికి వేస్తుంది. మర్యాదలో దీన్ని మించింది లేదు గానీ, ఒంటికన్నుతో వచ్చే బండిని చీకట్లో చూసినవాడు మోటారు సైకిలనుకునే ప్రమాదముంది.

యుద్ధకాలంలో ఈ పేచీ తలకిందులైంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు నుంచి జనం వేలకు వేలుగా ఊళ్లకు తరలిపోయారు. తీరం పొడుగునా దీపాలు కనబడకూడదన్న భయం. పెట్రోలు రేషను, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులు, పైకి వెలుగు పోకుండా ముసుగులు వేసిన హెడ్‌లైట్లు. మా తాతల తరం చెప్పిన కథల్లో ఆ గుడ్డి బస్సులు తరచూ వచ్చేవి. మళ్లీ 1971 డిసెంబరులో, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగిన రోజుల్లో, మన తరం కూడా ఆ బ్లాకవుట్ మాట విన్నది. హెడ్‌లైటు అద్దం పై సగానికి నల్లరంగు పూయడం మన రోడ్ల మీద చాలాకాలం కనిపించింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

హిందుస్తాన్ మోటార్స్ 1942లో మొదలైంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాను తెచ్చుకుని 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో అంబాసిడర్‌గా తయారు చేసింది. 2014లో ఆపేదాకా దాని ముఖం కాస్త కాస్త మారింది గానీ, ఏడంగుళాల గుండ్రటి దీపాలు మారలేదు. ఎడమకాలి కింద, క్లచ్చి పక్కన ఉక్కుబొడిపెలా డిప్పు స్విచ్చి ఉండేది. రాత్రి తోలేవాడి ఎడమకాలికి రెండు ఉద్యోగాలన్నమాట. గేరు మార్చే క్షణంలోనే ఎదురుగా లారీ వస్తే ఏది ముందు నొక్కాలో కాలికే తెలియాలి.

ఆ దీపం లోపల ఏముంటుందో నేను తెలుసుకున్నది షెడ్డులో కాదు, మన బళ్లో. తొమ్మిదో తరగతిలో పుటాకార దర్పణం పాఠం వచ్చినప్పుడు మా సైన్సు అయ్యవారు బస్టాండు దగ్గరి షెడ్డు నుంచి పగిలిన హెడ్‌లైటు తాలూకు రిఫ్లెక్టరొకటి తెచ్చారు. తలుపులు, కిటికీలు వేయించి, టార్చిలైటు బల్బును తీగలకు కట్టి దాని కడుపులో అటూ ఇటూ జరిపారు. నాభి దగ్గరకు రాగానే ఎదుటి గోడ మీద అంతదాకా చెదిరి ఉన్న వెలుగు గుండ్రంగా ముద్ద కట్టింది. ఆ చోటు నుంచి బల్బును వేలెడు కాదు, గోరంత పైకి జరిపితే గోడ మీద ముద్ద జానెడు కిందికి దిగింది. "బల్బు పైకి పోతే వెలుగు కిందికి పోతాది, ఎందుకురా?" అని అడిగి, బొమ్మ గీయించేదాకా వదల్లేదు. డిప్పు తీగను బల్బులో నాభికి కాస్త పక్కన పెట్టడంలోని కిటుకంతా అదే. మన క్లాసులో భౌతికశాస్త్రం ఎంత మిగిలిందో తెలియదు గానీ, ఆ గోడ మీద జారిన వెలుగు ఎవరూ మర్చిపోయి ఉండరు.

దీపం సరిచేయడమంటే చాలామంది స్క్రూ తిప్పడమే అనుకుంటారు. షెడ్డు మేస్త్రీ అలా అనుకునేవాడు కాదు. "ముందు ఎర్తు చూడబ్బయా, తర్వాత స్క్రూ" అనేవాడు. మనది ఉప్పుగాలి. పులికాటు మీదుగా వచ్చే గాలికి మడ్‌గార్డు లోపల ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు పడుతుంది. బ్యాటరీ దగ్గర 12 వోల్టులున్నా బల్బు దాకా పదో పదకొండో వస్తాయి. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు కూడా పదో వంతే తగ్గుతుందనుకుంటాం. కాదు. దాదాపు మూడో వంతు పోతుంది. పైగా రంగు పసుపు తిరుగుతుంది. డైనమో ఉన్న పాత కార్లలో ఇంకో బాధ. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో కరెంటు చాలదు, బురదలో రెండో గేరులో పోతున్నప్పుడు, అంటే వెలుగు బాగా కావలసినప్పుడే, దీపాలు కునికిపాట్లు పడతాయి. ఆల్టర్నేటరు వచ్చాక ఆ బెడద పోయింది.

రిఫ్లెక్టరు మెరుగు కూడా ఉప్పుగాలికి పోతుంది. దాన్ని గుడ్డ పెట్టి గట్టిగా తుడిచేవాళ్లను చూస్తే మేస్త్రీకి ఒళ్లు మండేది. లోపలి పూత గీతలు పడితే ఇక దీపం దీపం కాదు. రబ్బరు వాషరు ఎండిపోయి నీళ్లు దిగకుండా చూసుకోవాలి, పూత పోతే రిఫ్లెక్టరు మార్చాలి. అంతకు మించి మధ్యేమార్గం లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే గోడ దగ్గరికి. మాపటేళ చీకటి పడీ పడకముందు, టైర్లలో గాలి సరిచూసి, కారును చదునైన నేల మీద గోడకు ఎదురుగా, దీపానికీ గోడకూ 25 అడుగుల దూరం ఉండేట్టు నిలిపేవాడు. డ్రైవరు సీట్లో ఒక మనిషి కూర్చోవాలి. రోజూ కారులో ఎంత బరువు ఉంటుందో అంత బరువు ఉండాలి. దీపాల నడిబొడ్డు నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి, గోడ మీద సుద్దతో అదే ఎత్తున అడ్డగీత. కారు నడుమకు ఎదురుగా ఒక నిలువు గీత, ఒక్కో దీపానికి ఎదురుగా ఇంకో నిలువు గీత. ఒక దీపం మీద గోనె కప్పి రెండోది చూడాలి. అంచు రింగు విప్పితే పైన ఒక స్క్రూ, పక్కన ఒకటి కనిపిస్తాయి. పైది వెలుగును ఎత్తుతుంది, దించుతుంది. పక్కది అటూ ఇటూ జరుపుతుంది. దూరపు వెలుగు పెట్టినప్పుడు రెండు ముద్దలూ వాటి వాటి నిలువు గీతల మీద, అడ్డగీతకు కాస్త దిగువన నిలవాలి. రెండూ నడిమి గీత వైపు ఒరిగితే కారుకు మెల్లకన్ను వచ్చినట్టే. డిప్పు నొక్కితే ముద్ద కిందికి, ఎడమకు జారాలి. మనం ఎడమన పోయేవాళ్లం, ఎదురొచ్చేవాడు కుడిన ఉంటాడు కాబట్టి.

ఎంత కిందికి? మేస్త్రీ లెక్క మూడు వేళ్లు. వేళ్ల లెక్కకు శాస్త్రం ఉందా అని నేను కాలేజీలో చేరాక కాగితం మీద వేసి చూశాను. 25 అడుగులంటే 300 అంగుళాలు. డిప్పు వెలుగు పై అంచు అంత దూరంలో మూడు అంగుళాలు దిగితే నూటికి ఒకటి వాలు. దీపం నేలకు 30 అంగుళాల ఎత్తున ఉందనుకుంటే ఆ వెలుగు 250 అడుగుల అవతల నేలను తాకుతుంది. గంటకు నలభై మైళ్ల వేగంతో పోయేవాడికి ఆ దూరం నాలుగు సెకన్ల చిల్లర. ఇవాళ ఫ్యాక్టరీల్లో సరిచేసే కొత్త కార్లకూ ఇంచుమించు ఇదే వాలు పెడుతున్నారు. వేళ్లు కొంచెం లావైతే లావయ్యాయి గానీ, లెక్క తప్పలేదు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. అంబాసిడర్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 97 అంగుళాలు. వెనక కమాన్లు ఒక్క అంగుళం కుంగితే కారు ముక్కు నూటికి ఒకటి చొప్పున పైకి లేస్తుంది. అంటే గోడ ముందు సాయంత్రమంతా కూర్చుని దించిన వాలు మొత్తం ఒక్క అంగుళంతో చెల్లు. ఆ దీపం ఇక ఎంత దూరం పోయినా నేలను తాకదు, డిప్పులో ఉన్నా సూటిగా ఎదుటివాడి వైపు పోతుంది. మన అంబాసిడర్లు ఏ రోజు అంగుళం కుంగకుండా పోయాయి? డిక్కీలో రెండు మూటల మొలగొలుకులు, వెనక సీట్లో ఐదుగురు, వాళ్ల ఒళ్లో పిల్లలు. పెళ్లికైనా, నెల్లూరు ఆసుపత్రికైనా అదే బరువు. అందుకే మేస్త్రీ మా పెదనాన్న కారు సరిచేసేటప్పుడు డిక్కీలో ఇసుక బస్తాలు వేయించేవాడు. తెలియనివాళ్లు అది చూసి ఎగతాళి చేసేవాళ్లు. మోటారు కార్ల పుస్తకాలు రాసినవాళ్లు పొడి పొడిగా 'మామూలు బరువుతో' అని రాసిన ముక్కను మన ఊళ్లో అక్షరాలా పాటించింది ఆయనొక్కడే.

ఇప్పుడు నల్లరంగు సంగతి. అద్దం పై సగం నల్లగా చేస్తే పైకి పోయే వెలుగు ఆగిపోతుందని రోడ్డు మీది వాళ్లందరి నమ్మకం. మా అయ్యవారి బొమ్మ గుర్తున్నవాళ్లకు ఇది తిరకాసుగా కనిపిస్తుంది. డిప్పు తీగ కింద చిన్న రేకు గిన్నె అడ్డం ఉండే బల్బుల్లో, వెలుగు రిఫ్లెక్టరు పై సగం మీదే పడి అక్కణ్ణుంచి కిందికి, రోడ్డు మీదికి దిగుతుంది. అద్దం పై సగం మూసేస్తే మూతపడేది రోడ్డుకు కావలసిన వెలుగే. రేకు లేని బల్బుల్లో సగం వెలుగు ఊరికే తగ్గుతుంది, దిక్కు మారదు. ఎదుటివాడికి కాస్త ఊరట కలిగేది నిజమే. కానీ అది దీపాన్ని తిప్పడం వల్ల కాదు, దీపాన్ని సగం ఆర్పడం వల్ల. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపడానికి రంగు డబ్బా రెండు నిమిషాల పని, గోడా సుద్దగీతలూ సాయంత్రం పని. ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు.

దీని ఖరీదు మన రోడ్ల మీద ఒకసారి చూశాను. పెద్ద పంట కోతల కాలం, మాఘమాసపు మంచు. వరి ఓదెలేసుకుని ఎడ్లబండి ఒకటి ఇంటికి వస్తోంది. ఇరుసు కింద కట్టిన లాంతరు దారిలో ఎక్కడో ఆరిపోయింది. వెనక నుంచి వస్తున్న కారు అద్దాలకు పైన నల్లరంగు, కింద బురద. ఎదురుగా డిప్పు చేయని లారీ. లారీ దాటిపోయాక కారు డ్రైవరుకు కళ్లు తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 50 మీటర్లు. ఆ 50 మీటర్లలో బండి ఉంది. బండి తోలుతున్నాయన మన తోటి విద్యార్థి తండ్రి. ఆ పిల్లవాడు ఆ ఏడు పదో తరగతి పరీక్షలు రాయలేదు, తర్వాత కూడా రాయలేదు. పేరు రాయడం లేదు. ఆ బ్యాచి వాళ్లకు తెలుసు. కారువాడిదా, లారీవాడిదా, ఆరిపోయిన లాంతరుదా అని ఊరు చాలారోజులు వాదించుకుంది. నా మటుకు నాకు, ముగ్గురిలో ఒక్కరి దీపమైనా సరిగ్గా ఉంటే ఆ మనిషి ఇంటికి వచ్చేవాడు.

చట్టం ఈ విషయంలో గుడ్డిగా లేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది దీపాల వాలు గురించే. దీపానికి 8 మీటర్ల ముందు, దీపానికి కుడివైపు అర మీటరు అవతల, నేలకు మీటరున్నర ఎత్తున ఒక మనిషి కన్ను ఉందనుకోమంటుంది. ఆ కంటికి మిరుమిట్లు కొట్టకూడదు. చట్టాలు చదివేటప్పుడు నాకు ఎప్పుడో గానీ మనిషి కనిపించడు. ఇందులో కనిపించాడు. మీటరున్నర ఎత్తు, కుడి పక్క, ఎదురుగా. సైకిలు మీద ఇంటికి పోతున్న మన ఊరివాడు కావచ్చు.

అయితే చట్టం కంటే ముందు మర్యాద పనిచేసింది. మద్రాసు–కలకత్తా ట్రంకు రోడ్డు మీద, నాయుడుపేట, గూడూరు మధ్య, రాత్రి లారీవాళ్ల దగ్గర ఒక భాష ఉండేది. దూరం నుంచే ఒకడు డిప్పు చేస్తాడు, రెండోవాడు చేస్తాడు. చేయకపోతే మొదటివాడు ఒకసారి పైకెత్తి దించుతాడు, 'ఉండావా, నిద్రపోయావా' అన్నట్టు. దగ్గరికి వచ్చాక కుడి ఇండికేటరు వేసి తన లారీ కుడి అంచు ఎక్కడుందో చూపిస్తాడు. లారీల వెనక రాత్రి డిప్పరు వాడమని రాసి ఉండేది అలంకారానికి కాదు. మా పెదనాన్న ఇంగ్లీషు రాని మనిషి, కానీ ఆ భాషలో దిట్ట. ఎద్దుల కళ్లు దూరాన మెరిస్తే కూడా డిప్పు చేసేవాడు. "అవి బెదిరితే బండి కాలవలో పడతాది" అనేవాడు.

ఆ పాత కార్లు మళ్లీ వస్తున్నాయి. మనవాళ్లలో ఇద్దరు ముగ్గురు తాతల అంబాసిడర్లను, ఫియట్లను కొట్టాల్లోంచి బయటికి లాగి, తుప్పు గీకించి, రంగులేయించి నడుపుతున్నారు. చూడ్డానికి ఎంత బాగున్నాయో! కానీ దాదాపు ప్రతి దానికీ పసుపు వెలుగు బాగాలేదని తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు తగిలించారు. రిఫ్లెక్టరు తయారైంది బల్బులోని సన్నటి తీగ ఒకానొక చోట ఉంటుందన్న లెక్కతో. ఎల్‌ఈడీ చిప్పులు ఆ చోటనే, ఆ ఆకారంలోనే ఉండవు. వెలుగు ఎక్కువే, వాలు లేదు. గోడ ముందు నిలిపి చూడండి, అడ్డగీత పైన కూడా గోడంతా తెల్లబారుతుంది. డ్రైవరు సీట్లోంచి చూస్తే అంతా పట్టపగలులా ఉంటుంది గనక, తప్పు జరుగుతోందని తోలేవాడికి ఎప్పటికీ తెలియదు. వెలుగు చాలకపోతే 1971 నుంచీ ఉన్న హెచ్-4 హాలోజెన్ బల్బు ఉంది, దానికి సరిపోయే ఏడంగుళాల రిఫ్లెక్టరు, అద్దం దొరుకుతాయి. రిలే పెట్టించి, కొత్త ఎర్తు తీగ వేయిస్తే చాలా కార్లకు అదే ఎక్కువ. ఎడమవైపు ట్రాఫిక్కుకు చేసిన అద్దమా కాదా అన్నది మాత్రం కొనేముందే అడగాలి. విదేశాల నుంచి తెప్పించిన వాటిలో కుడివైపు దేశాలకు చేసినవి ఉంటాయి, అవి వెలుగును సరిగ్గా ఎదుటివాడి వైపే ఎత్తుతాయి.

స్వర్ణోత్సవం నాడు పాత కార్ల ఊరేగింపు పెడతామని కార్యవర్గం చెప్పింది. సాయంత్రం కార్యక్రమాలు ముగిసేసరికి చీకటి పడుతుంది, అందరూ ఆ కార్లలోనే తిరిగి పోవాలి. మన బడి గ్రౌండులో పడమటి గోడ ముందు నేల చదునుగా ఉంది, 25 అడుగులకు మించి చోటుంది. ముందురోజు సాయంత్రం ఐదున్నరకు నేను టేపు, సుద్దముక్కలు, రెండు గోనె సంచులు పట్టుకుని అక్కడ ఉంటాను. మేస్త్రీ కొడుకు స్క్రూడ్రైవర్లతో వస్తానన్నాడు. కార్లు తెచ్చేవాళ్లు డిక్కీలు ఖాళీ చేసి రావద్దు. ఊరేగింపు నాడు ఎవరెవరు ఎక్కుతారో వాళ్లను కూడా ఎక్కించుకుని రండి.